డ్రమ్ము మీద రాత సరిగ్గుండాల

మా పరవాడ ఫార్మాసిటీలో పనికెళ్లే కుర్రోళ్లకి ఇది కొత్త కాదు. డ్రమ్ము మూత తీసి వాసన చూడరు, లేబుల్ చదివే పని చేస్తారు. ఆ రాత తప్పైతే ప్రాణాలమీదకొస్తాది.

ఏఐ ఏజెంటుదీ అదే కత. టూల్ లోపలున్న కోడ్‌ని చూసి అది ఎంచుకోదు. పేరు, వివరణ, ఏ సమాచారం ఇవ్వాలన్న జాబితా, ఇవి చదివే ఏ టూల్ వాడాలో తేల్చుకుంటాది. 2024 నవంబరులో ఆంత్రోపిక్ తెచ్చిన ఎంసీపీ పద్ధతిలోనూ ఇంతే.

మరి రాత మంచిదో కాదో ఎలగ తెలుస్తాది? "ఫిర్యాదులు తీసుకుంటుంది" అంటే చాలదు. ఏ ఫిర్యాదులు? ఊరి పేరు తప్పనిసరా? కరెంటు పోతే దీన్ని వాడొచ్చా, కూడదా? అన్నీ రాయాల.

నేనైతే మన మాటల్తోనే పరీక్ష పెట్టమంటాను. "రాత్రి గాలి ఘాటుగుంది, కళ్లు మండుతున్నాయి" అని ఒకటి. "బోరు నీళ్లు రంగు మారాయి" అని ఇంకోటి. ఈ టూల్‌తో పనిలేని ప్రశ్నలూ కొన్ని కలపాల. ఇరవైలో ఎన్నిటికి సరైన టూల్ పట్టుకుందో లెక్కెట్టాల. రాత మార్చి, అవే ప్రశ్నలు మళ్లీ అడగాల.

2025 జనవరి 30న 'మన మిత్ర' వాట్సాప్‌లో 161 సేవలతో మొదలైంది. రేపు ఇలాంటి సేవల వెనక ఏజెంట్లు కూకుంటే, మన గోడు ఏ గుమ్మానికి చేరాలో తేల్చేది ఆ నాలుగు ముక్కల రాతే. దాన్ని మన యాసతో పరీక్షించారా అని అడగాల్సింది మనమే తమ్ముడూ!