చర్మానికో పహాణీ

అడవి అంచు ఊళ్లలో ఒంటి మీద ఏది లేచినా ‘ఎలర్జీ’యే. దాని అసలు పేరు తేల్చడానికి ఒక టేపు ముక్క సాయపడితే?

భద్రాచలం దగ్గరి చర్ల, దుమ్ముగూడెం వైపు ఒంటి మీద ఎర్రగా లేస్తే ముందు పసరు పూస్తారు. తగ్గకపోతే ఆర్‌ఎంపీ దగ్గర ట్యూబు, నాలుగు మాత్రలు. ఆ మాత్రల్లో స్టెరాయిడ్ ఉంటే రెండు రోజుల్లో నెమ్మదిస్తుంది. మానేస్తే మళ్లీ మొదటికొస్తుంది. చాలామందికి కథ అక్కడితో సరి. సొరియాసిస్ ఉన్న కొద్దిమందికి మాత్రం స్టెరాయిడ్ ఉన్నట్టుండి ఆపడమే ముప్పు. కాగిపోయే జ్వరం, ఒళ్లంతా చీము పొక్కులు. ఆ చీములో క్రిములుండవు కాబట్టి యాంటీబయాటిక్ సూదులు దాన్ని తగ్గించలేవు. దీని పేరు జనరలైజ్డ్ పస్ట్యులర్ సొరియాసిస్. అరుదైనదే, కానీ ప్రాణాల మీదికి తెస్తుంది.

దీని గుట్టు 2011లో ట్యునీషియా కుటుంబాల్లో కొంత బయటపడింది. వాపుకు కళ్లెం వేసే ఐఎల్36ఆర్‌ఎన్ అనే జన్యువు వాళ్లలో దెబ్బతింది. రోగులందరిలోనూ ఈ లోపం ఉండదు గానీ, మందు ఎక్కడ పనిచేయాలో దారి తెలిసింది. ఆ వాపు దారికే అడ్డుపడే స్పెసోలిమాబ్ అనే మందుకు 2022 సెప్టెంబరులో అమెరికా అనుమతి దొరికింది.

ఆ కుటుంబాల్లో చాలావాటిలో దగ్గరి బంధువుల మధ్యే పెళ్లిళ్లు. మేనరికాల నేల మీద ఈ మాట తేలిగ్గా తీసుకోలేం. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థకు చెందిన తంగరాజ్ బృందం అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి 2017లో దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాల జన్యువుల్ని పరిశీలించింది. కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగి, తమలో తామే పెళ్లాడుతూ వచ్చిన జాడ 81 సమూహాల్లో, అలాంటి జాడకు పేరుబడ్డ ఫిన్లాండ్ ప్రజల్లో కన్నా బలంగా కనిపించింది. దేశం మొత్తమ్మీద అరుదైన జబ్బు ఒక సమూహంలో అంత అరుదు కాకపోవచ్చు.

పట్టా వేరు, పహాణీ వేరు

పొలం ఎవరిదో పట్టా చెబుతుంది. ఈ ఏడు అందులో ఏ పంట వేశారో పహాణీ చెబుతుంది. ఒంట్లో డీఎన్‌ఏ పట్టా, ఆర్‌ఎన్‌ఏ పహాణీ. పట్టా చూడ్డానికి కాస్త ఉమ్మి, లేదా రక్తం చాలు. పహాణీ కోసం మాత్రం ఇన్నాళ్లూ చర్మాన్నే కోయాల్సి వచ్చింది: మత్తు సూది, మూడు నాలుగు మిల్లీమీటర్ల ముక్క, ఒక కుట్టు.

ఇప్పుడు పరిశోధకులు టేపు వాడుతున్నారు. రూపాయి బిళ్లంత గుండ్రటి టేపును మచ్చ మీద అద్ది, కొన్ని సెకన్లు గట్టిగా నొక్కి లాగేస్తారు. అదే చోట మరొకటి. అలా పదిహేను, ఇరవై. ఒక్కో టేపుకు కంటికి ఆననంత పొట్టు అంటుతుంది. ఏ జన్యువు రెచ్చిపోయిందో, ఏది మూగబోయిందో అందులోని ఆర్‌ఎన్‌ఏ చెబుతుంది. న్యూయార్క్ మౌంట్ సైనాయ్ వైద్య కళాశాలలో ఎమ్మా గట్‌మన్ యాస్కీ బృందం ఐదేళ్లలోపు పిల్లల ఎగ్జిమాను ఇలాగే పరీక్షించి 2019లో ఫలితాలు ప్రకటించింది. సూదంటే కెవ్వుమనే వయసది.

గూడెం నుంచి ల్యాబు దాకా

ఊళ్లోకే జన్యు జబ్బు పరీక్ష రావడం ఇక్కడివాళ్లకు కొత్తేమీ కాదు. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్‌సెల్ మిషన్ ఏడు కోట్ల మందిని పరీక్షించాలని బయలుదేరింది. అందులో తొలి మెట్టు వేలి కొసన ఒక సూది పోటు.

చర్మానికి అంత సులువు కాదు. ఆర్‌ఎన్‌ఏ త్వరగా చెడుతుంది కాబట్టి పరిశోధనల్లో టేపుల్ని గడ్డకట్టించి దాస్తారు. భద్రాచలానికేమో రైలే లేదు. ‘భద్రాచలం రోడ్’ స్టేషన్ నలభై కిలోమీటర్ల అవతల కొత్తగూడెంలో ఉంది. అరుదైన జబ్బులకు కేంద్రం గుర్తించిన నిమ్స్, సీడీఎఫ్‌డీ సంస్థలు మూడొందల కిలోమీటర్ల దూరాన హైదరాబాద్‌లో ఉన్నాయి. నమూనా ఎందుకు తీస్తున్నారో కోయ భాషలో చెప్పేవాళ్లు కావాలి. జబ్బు పేరు తేలాక మందు ఖర్చు ఎవరు భరిస్తారో కూడా తేలాలి.

పహాణీకి ఇంకా టైము పట్టినా పట్టా పని ఇవాళే మొదలుపెట్టొచ్చు. టీకాల పెట్టె గూడేనికి నిండుగా వెళ్లి తేలికై తిరిగొస్తుంది. ఆ తిరుగు ప్రయాణంలో ఒక చిన్న ఉమ్మి గొట్టానికి చోటు దొరకదా?