మీకు తెలుసా? హెడ్మాస్టర్ గదిలో చట్టం!

గోడకుర్చీ గుర్తుందా? వీపు గోడకు ఆనించి, మోకాళ్లు వంచి, లేని కుర్చీలో కూర్చోవడం! తొడలు గడగడా వణికేవి. క్లాసంతా కిసుక్కున నవ్వేది. ఆ గోడకుర్చీ ఇప్పుడు నిషేధాల జాబితాకెక్కింది, తెలుసా! జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ బడులకు ఇచ్చిన మార్గదర్శకాల్లో దాన్ని శారీరక దండన అని స్పష్టంగా రాసింది. బెంచీ ఎక్కించడం, మోకాళ్ల మీద నిలబెట్టడం, నెత్తిన పుస్తకాల సంచీ పెట్టడం, అన్నీ అందులో ఉన్నాయి! విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ వీటన్నిటికీ ఒక్క దెబ్బతో తలుపు మూసేసింది!

"నేను బెత్తం ముట్టనే ముట్టను, నోటితోనే దారికి తెస్తాను" అంటారా? ఆగండి! ఆ సెక్షన్ మాటల దెబ్బనూ నిషేధించింది! "మొద్దు", "దున్నపోతు" లాంటి పిలుపులు, నలుగురిలో ఎత్తిపొడవడం, ఇవన్నీ మానసిక వేధింపే! అదే కమిషన్ ఒకసారి 7 రాష్ట్రాల్లో 6,632 మంది పిల్లల్ని కూర్చోబెట్టి అడిగింది. బడిలో మాకు ఏ శిక్షా పడలేదు అన్నవాళ్లు ఎందరో ఊహించండి. తొమ్మిది మంది! అవును, మీరు సరిగ్గానే చదివారు. తొమ్మిదే తొమ్మిది మంది!

మనవాళ్లకు ఒక శభాష్ చెప్పాలి! దేశమంతటికీ విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బెత్తానికి అంతకు 7 ఏళ్ల ముందే సెలవిచ్చేసింది!

ఇప్పుడు టీసీ సంగతి. ఊళ్లో పని దొరక్క వలసపోతున్న కుటుంబం. తండ్రి భుజాన మూట, తల్లి చంకలో చంటిది, ఆరో తరగతి పిల్ల హెడ్మాస్టర్ గది గుమ్మం పట్టుకుని నిలబడింది. "గుమాస్తా సెలవులో ఉన్నాడు, వారం ఆగి రండి" అనేశారనుకోండి. అలా అనడం కుదరదు! మరో సర్కారు బడికి మారే పిల్లకు టీసీ వెంటనే ఇవ్వాలని విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ చెబుతోంది! ఆలస్యం చేస్తే క్రమశిక్షణ చర్య ఎవరి మీదో తెలుసా? హెడ్మాస్టర్ మీదే! ఇంకో మాట కూడా విని పెట్టుకోండి. టీసీ చేతికి రాలేదన్న సాకుతో కొత్త బడి ఆ పిల్లను వెనక్కి పంపడానికి వీల్లేదు!

పుట్టిన తేదీ కాగితం లేదా? అయినా చేర్చుకోవాల్సిందే! అదే చట్టంలోని 14వ సెక్షన్ అది. సంచార కుటుంబాల పిల్లలకు ఈ ఒక్క వాక్యం ఎంత పెద్ద వరమో!

ఒకటో తరగతి సీటుకు అమ్మానాన్నలకు ఇంటర్వ్యూ! "మీరేం చదివారు? ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడతారా?" చాలామంది తల్లిదండ్రులు కొత్త చొక్కా వేసుకుని, చేతులు కట్టుకుని జవాబులు చెబుతారు. అది చట్టవిరుద్ధమని వాళ్లకు తెలియదు! పిల్లలకైనా పెద్దలకైనా వడపోత పరీక్ష పెడితే మొదటి తప్పుకే రూ. 25,000 దాకా జరిమానా! అదే పని మళ్లీ చేస్తే ప్రతిసారీ అంతకు రెట్టింపు దాకా!

డొనేషన్ తీసుకుంటే? తీసుకున్న సొమ్ముకు 10 రెట్ల దాకా జరిమానా! లక్ష పుచ్చుకుంటే పది లక్షలు! లెక్క మీరే కట్టుకోండి!

ఇప్పుడు కాస్త గొంతు తగ్గిస్తాను. దగ్గరికి రండి. ఒక పాప టీచరమ్మ కొంగు పట్టుకుని, తల వంచుకుని, తనకు జరిగిన చెడు చెప్పింది. టీచరమ్మ పరుగున హెడ్మాస్టర్ దగ్గరికి వచ్చింది. ఆయన "ముందు మనమే విచారిద్దాం, బడి పరువు పోతుంది" అన్నారు. ఆ ఒక్క మాటే ఆయన్ను జైలుకు పంపగలదు! పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం ప్రకారం ఇలాంటి విషయం తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకుండా దాచింది మామూలు మనిషైతే ఆరు నెలల దాకా శిక్ష. తన కింద పనిచేసేవాడి నేరాన్ని సంస్థ పెద్ద దాస్తే ఏకంగా 1 సంవత్సరం దాకా, పైగా జరిమానా! కుర్చీ పెద్దదైతే శిక్షా పెద్దదే! నాకు ఈ చట్టంలో అన్నిటికన్నా నచ్చిన మాట ఇదే!

"తీరా అది నిజం కాకపోతే?" అని భయపడుతున్నారా? వద్దు! నిజమో కాదో తేల్చడం హెడ్మాస్టర్ పని కాదు. అనుమానం కలిగినా చెప్పాలి. మంచి మనసుతో చెప్పినవాళ్ల మీద ఏ కేసూ పెట్టకూడదని 19వ సెక్షన్ అభయమిస్తోంది! ఇక బడి పరువు మాటంటారా, ఇది వినండి. బిడ్డ ఎవరో ఆచూకీ తెలియకూడదని, పత్రికలూ టీవీలూ ఆ బిడ్డ చదివే బడి పేరు కూడా బయటపెట్టకూడదని చట్టంలో ముందే రాసి ఉంది! పరువు పేరు చెప్పి నోరు నొక్కేవాళ్లకు ఈ సంగతి ఎవరైనా చెబితే బాగుండు! బిడ్డ తరఫున ఎవరు పిలిచినా పలికే నంబరు 1098. గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి!

బడి పక్కన కిళ్లీ కొట్టు ఉందా? 100 గజాల లోపు సిగరెట్టు, గుట్కా ఏదీ అమ్మకూడదు! ఆ కొలత గేటు దగ్గర మొదలవదు, తెలుసా! ప్రహరీ గోడ నుంచి, అన్ని వైపులకూ! వెనక సందులో ఉన్న కొట్టూ దొరికిపోతుంది! ఈ సంగతి చెప్పే బోర్డు పెట్టించాల్సింది ఎవరు? బడి పెద్దే!

ఒకటో తరగతి బుడ్డోడి సంచీని ఓసారి కిరాణా కొట్టు కాటా మీద పెట్టి చూడండి. లంచ్ డబ్బా, నీళ్ల సీసా, పది నోటు పుస్తకాలు! కేంద్రం 2018లో రాష్ట్రాలకు చెప్పిన హద్దు ఎంతో తెలుసా? కిలోన్నర! కాటా ముల్లు ఎక్కడ ఆగుతుందో చూసి ఆశ్చర్యపోతారు!

చదువు ప్రాథమిక హక్కు అన్న తీర్పు ఏ కేసులో వచ్చిందనుకుంటున్నారు? పలకా బలపం కేసులో అనుకుంటే పప్పులో కాలేసినట్టే! డాక్టరు, ఇంజనీరు సీట్ల ఫీజుల కేసులో! ఆ కేసు పేరే ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్! పద్నాలుగేళ్లు నిండేదాకా చదువు ప్రతి బిడ్డ హక్కని 1993లో అందులోనే తేల్చారు! ప్రధాన తీర్పు రాసింది మన తెలుగువారు, జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి!

కుంభకోణం ఊరి పేరు వింటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. 2004 జులైలో వంటపాక నిప్పు పూరికప్పుకు అంటుకుని 94 మంది పసివాళ్లు బడిలోనే కాలిపోయారు. అయిదేళ్లకు సుప్రీంకోర్టు ఏమందో తెలుసా? విద్యాహక్కు అంటే క్షేమమైన బడిలో చదువుకునే హక్కు కూడా అంది! మీ బడి వరండాలో మంటలార్పే ఎర్ర సిలిండరు వేలాడుతోందా? దాని గడువు తేదీ ఇవాళే చదవండి!

చివరగా కేరళకు రండి. ముగ్గురు తోబుట్టువులు. జనగణమన మొదలవగానే లేచి నిటారుగా నిలబడేవారు. నోరు మాత్రం విప్పేవారు కాదు. వాళ్ల మతవిశ్వాసం అది. రోజూ జరిగేదే, ఎవరూ పట్టించుకోలేదు. ఒకరోజు ఒక ఎమ్మెల్యే కంట పడింది! శాసనసభలో గొడవైంది. విచారణ జరిపితే పిల్లలు బుద్ధిమంతులనీ, గీతాన్ని అవమానించలేదనీ తేలింది! అయినా పై అధికారి చెప్పారని హెడ్మిస్ట్రెస్ వాళ్లను బడి నుంచి పంపేశారు. తండ్రి వచ్చి బతిమాలితే, నా చేతుల్లో ఏమీ లేదన్నారు. కేసు సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. 1986లో తీర్పు రాసిన న్యాయమూర్తి ఎవరో తెలుసా? ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి! మౌనంగా నిలబడటం అవమానం కాదన్నారు. పంపేయడం రాజ్యాంగ విరుద్ధమన్నారు. ఆ ముగ్గురినీ తిరిగి అదే బడిలో చేర్చుకోమన్నారు!