కొయ్య ఓడ నమూనా: మొదటి కిట్టును ఎన్నుకొనుట ఎట్లు?

1920వ సంవత్సరములో ఈజిప్టు దేశమందలి థీబ్సు సమీపమున మెకెట్రె అను ఉన్నతోద్యోగి సమాధిని పరిశోధించుచుండగా, అంతవరకు ఎవరి కంటను పడని ఒక చిన్న గది బయటపడినది. అందులో సుమారు 4000 సంవత్సరముల క్రిందట కర్రతో చేసి రంగులు పూసిన చిన్న చిన్న నమూనాలు కనిపించినవి. పశువులశాల, వడ్రంగిశాల, ధాన్యపు కొట్టు మున్నగువానితో పాటు తెడ్లు వేయు మనుష్యులతో కూడిన పడవలు కూడ వానిలో కలవు. ఓడను చిన్నదిగా చేసి చూచుకొనవలెనను కోరిక మానవునికి ఎంత పాతదో దీనివలన తెలియుచున్నది.

17వ శతాబ్దిలో ఇంగ్లండు దేశమున ఈ పని శాస్త్రీయమైన రూపమును దాల్చినది. యుద్ధనౌకల నమూనాలను అక్కడ కొలతల ప్రకారము చేయసాగిరి. వానిలో పెక్కింటికి నిజమైన ఓడలోని ఒక అడుగునకు పావు అంగుళము చొప్పున, అనగా 48వ వంతు కొలతను గ్రహించిరి. ఓడ క్రింది భాగమునకు పలకలు వేయక పక్కటెముకలను బయటికి కనిపించునట్లే విడిచిపెట్టుట వాని ప్రత్యేకత. అట్టివి గ్రీనిచ్‌లోని నౌకా ప్రదర్శనశాలలో నేటికిని ఉన్నవి.

నేడు ఈ పనిని ఇంటిలో బల్లమీద చేయవచ్చును. కోసిన కర్రముక్కలు, సన్నని పలకలు, దారములు, పటములు, సూచనల పుస్తకము ఒకే పెట్టెలో పెట్టి అమ్ముచున్నారు. దీనినే కిట్టు అందురు. కాని కొన్న కిట్టులన్నియు ఓడలు కావు. పెట్టె మూతపై అచ్చొత్తిన మూడు కొయ్యల యుద్ధనౌకను చూచి ముచ్చటపడి కొన్నవారు, సగము పలకలు వేసి, అవి వంకరలు పోగా, దానిని అటకపై పెట్టుట సామాన్యము. విద్యార్థికి దీనివలన కలుగు నష్టము డబ్బు ఒక్కటే కాదు. ‘ఈ పని నా చేత కాదు’ అను భావము కలుగును. నిజమునకు లోపము చేతిలో లేదు, ఎన్నికలో ఉన్నది. ఒక్క కిట్టు మాత్రమే కొనగల విద్యార్థి, లేక పాఠశాల, దేనిని కొనవలెనో నిర్ణయించుటకు కొంత లెక్క, కొంత భౌతికశాస్త్రము తెలిసిన చాలును.

స్కేలు అనగానేమి?

కిట్టు పెట్టెపై 1:24, 1:48, 1:72, 1:96 అను అంకెలు కనిపించును. 1:48 అనగా నమూనాలోని ఒక సెంటీమీటరు నిజమైన ఓడలో 48 సెంటీమీటర్లకు సమానమని అర్థము. ఆరడుగుల మనిషి 1:24 స్కేలులో సుమారు 76 మిల్లీమీటర్లు, 1:48లో 38, 1:72లో 25, 1:96లో 19 మిల్లీమీటర్లు ఉండును. రెండవ అంకె పెరిగిన కొలది నమూనా చిన్నదగును.

ఒకే ఓడను 1:48లోను, 1:96లోను చేసినచో, రెండవదాని పొడవు మొదటిదానిలో సగము, పైభాగపు వైశాల్యము నాలుగవ వంతు, ఘనపరిమాణము ఎనిమిదవ వంతు అగును. అందువలన చిన్న నమూనాకు కర్ర తక్కువ పట్టును, చోటు తక్కువ పట్టును. అయితే పని తక్కువ అగునా? కాదు. స్కేలు మార్చినచో ముక్కల పరిమాణము మారునే గాని ముక్కల సంఖ్య మారదు. వంద ఫిరంగులు గల ఓడకు ఏ స్కేలులోనైనను వంద ఫిరంగులే చేయవలెను. పైగా 2 సెంటీమీటర్ల మందము గల మోకు 1:96లో 0.2 మిల్లీమీటరు దారమగును. దానికి ముడి వేయుట అలవాటు లేని వ్రేళ్ళకు కష్టము.

దీనినుండి మొదటి సూత్రము లభించుచున్నది: పెద్ద ఓడను చిన్న స్కేలులో చేయుటకంటె, చిన్న పడవను పెద్ద స్కేలులో చేయుట మొదటివానికి మేలు.

మూడు విధములైన నిర్మాణములు

ఓడ శరీరమును నిర్మించు పద్ధతినిబట్టి కిట్టులు ముఖ్యముగా మూడు విధములు.

మొదటిది నిండు కొయ్య పద్ధతి. ఓడ ఆకారమునకు దగ్గరగా చెక్కిన కొయ్య దిమ్మ పెట్టెలో వచ్చును. అట్ట మీద గీచిన వంపులను ఆధారముగా పెట్టుకొని దానిని ఇంకను చెక్కి నునుపు చేయవలెను. కొండపల్లి బొమ్మలు చేయువారు తేలికైన పొణికి కర్రను చెక్కునట్టి పనియే ఇది. పలకల చిక్కు దీనిలో లేదు. కాని ఎడమ ప్రక్క, కుడి ప్రక్క ఒకే విధముగా వచ్చునట్లు చెక్కుటకు ఓర్పు కావలెను.

రెండవది అడ్డుపలకల పద్ధతి. నేటి కిట్టులలో ఎక్కువ భాగము ఈ విధమైనవే. ఓడ పొడవునా నిలువుగా ఒక వెన్నుదూలమును నిలిపి, దానికి అడ్డముగా కొన్ని పలకలను బిగింతురు. రొట్టెను ముక్కలుగా కోసి ఎడముగా నిలిపినట్లు ఇవి ఓడ ఆకారమును చూపును. వీనిపై సన్నని కర్ర పట్టీలను అంటింతురు.

మూడవది పక్కటెముకల పద్ధతి. నిజమైన ఓడను కట్టినట్లే ప్రతి పక్కటెముకను విడివిడిగా చేసి నిలుపవలెను. ఇది ఆరితేరినవారి పని.

రెండవ పద్ధతిలోనే మరొక భేదము కలదు. కొన్ని కిట్టులలో పలకలు ఒకే పొర. మరికొన్నింటిలో రెండు పొరలు. రెండు పొరల పద్ధతిలో క్రింది పొరయందలి పొరపాట్లను గరుకు కాగితముతో రుద్ది, సందులు పూడ్చి, పైన మేలైన కర్రతో పలుచని పొర వేయవచ్చును. తప్పు దిద్దుకొను అవకాశము ఉండుటచే, అడ్డుపలకల పద్ధతిని ఎన్నుకొను క్రొత్తవారికి ఇదియే అనుకూలము. అడ్డుపలకలు దగ్గర దగ్గరగా ఉన్నవో లేదో కూడ పటములో చూడవలెను. అవి ఎడముగా ఉన్నచో మధ్య పట్టీలు లోపలికి క్రుంగి, ఓడ ప్రక్కలు మిట్టపల్లములగును.

పట్టీ ఎందుకు మొరాయించును?

పనిని సగములో మానినవారిలో పెక్కుమందికి అడ్డు వచ్చునది పలకలు వేయుటయే. కారణము తెలిసికొనుటకు ఒక చిన్న ప్రయోగము చాలును. ఒక కుండను తీసికొని, ఒకే వెడల్పు గల కాగితపు పట్టీలను నడుము నుండి మూతివైపునకు నిలువుగా, ప్రక్కప్రక్కనే అంటించుడు. నడుము వద్ద సరిగా అమరిన పట్టీలు మూతి దగ్గర ఒకదానిపై ఒకటి ఎక్కును. నడుము చుట్టుకొలత ఎక్కువ, మూతి చుట్టుకొలత తక్కువ అగుటయే దీనికి కారణము. పుచ్చకాయ మీది చారలు రెండు కొనల వద్ద సన్నగిల్లుట గమనించినవారికి ఇది సులభముగా బోధపడును.

ఓడ సంగతియు ఇంతే. మన జాలరులు పడవ ముందు భాగమును అణియమనియు, వెనుక భాగమును అమరమనియు అందురు. ఒక నమూనాలో నడుమ అడ్డుపలక అంచు ఒక ప్రక్కన 120 మిల్లీమీటర్లు ఉన్నదనుకొందము. పట్టీ వెడల్పు 5 మిల్లీమీటర్లయినచో 24 పట్టీలు పట్టును. అణియము వద్ద ఆ అంచు 70 మిల్లీమీటర్లే ఉన్నచో, ప్రతి పట్టీ అక్కడ 70ని 24తో భాగించగా వచ్చు 2.9 మిల్లీమీటర్లకు సన్నగిల్లవలెను. పట్టీ కొనను దాని వెడల్పులో సగముకంటె సన్నము చేయరాదని పనివారు చెప్పుదురు. ఇక్కడ సగము 2.5 కనుక చిక్కు లేదు. అణియము వద్ద 50 మిల్లీమీటర్లే ఉన్నచో ఒక్కొక్క పట్టీకి 2.1 మాత్రమే వచ్చును. అపుడు అక్కడ రెండు పట్టీల స్థానమున ఒక్కదానినే నడుపు ఉపాయము చేయవలెను. ఈ లెక్కను ముందుగా వేసికొనక, పట్టీలను ఉన్నవి ఉన్నట్లు అంటించుకొని పోవుటయే వంకరలకు మూలము.

రెండవ కారణము వంపు. 5 మిల్లీమీటర్ల వెడల్పు, 1 మిల్లీమీటరు మందము గల పట్టీని మందము వైపునకు సులభముగా వంచవచ్చును. అంచు వైపునకు వంచబోయిన అది వంగదు. వంగుటకు కర్ర చూపు ప్రతిఘటన, వంచు దిశలోని మందము యొక్క ఘనమునుబట్టి పెరుగును. ఆ లెక్కన పై పట్టీ అంచు వైపునకు 25 రెట్లు బిగువుగా నుండును. పాఠశాలలో ప్లాస్టిక్ కొలబద్దతో ఈ భేదమును చేతికే తెలియునట్లు చూపవచ్చును. బలవంతముగా వంచినచో పట్టీ మెలిపడి, ఒక అంచు పైకి లేచును.

కర్రను వంచుటకు నీరు, వేడి తోడ్పడును. కర్రలోని నారలను బంధించి ఉంచు లిగ్నిన్ అను పదార్థము వేడికి మెత్తబడును. తడి ఉన్నపుడు తక్కువ వేడికే మెత్తబడును. అందుచే పట్టీని నీటిలో నానవేసి, వేడి తగిలించి వంచి, ఆరువరకు బిగించి ఉంచినచో ఆ వంపు చాలవరకు నిలుచును. ఆరిన తరువాతనే జిగురు పూయవలెను. తడి కర్ర ఆరునపుడు అడ్డముగా ముడుచుకొని సందులు విడుచును.

కర్ర, జిగురు

కిట్టు కొనునపుడు ఏ కర్ర ఇచ్చుచున్నారో చూడవలెను. బాస్, లైమ్ అను కర్రలు మెత్తనివి, సులభముగా కోయవచ్చును, వంచవచ్చును. వాల్‌నట్ రంగు బాగుండును గాని కొంత పెళుసు. పియర్, బాక్స్ అను కర్రలు నున్నని సన్నని పొర గలవి, ఖరీదైనవి. ‘నిజమైన ఓడలు టేకుతో కట్టుదురు గదా, నమూనాకు టేకు ఏల వాడరాదు?’ అని విద్యార్థి అడుగవచ్చును. టేకు పొరలు, రంధ్రములు కంటికి కనిపించునంత పెద్దవి. 48వ వంతు నమూనాలో 1 మిల్లీమీటరు గీత నిజమైన ఓడలో 5 సెంటీమీటర్ల చీలికవలె కనిపించును. ఓడను చిన్నది చేయవచ్చును గాని కర్రలోని కణములను చిన్నవి చేయలేము. అందుచే సన్నని పొర గల కర్రయే నమూనాకు తగినది.

నేటి కిట్టులలో ముక్కలను లేసరు కిరణముతో కోయుచున్నారు. కోసిన అంచులు మాడి నల్లగా నుండును. ఆ మసిపై జిగురు సరిగా పట్టదు. అంటించు అంచులను గరుకు కాగితముతో రుద్దవలెను. వడ్రంగులు వాడు తెల్లని జిగురు మెల్లగా ఆరును. తప్పుగా పెట్టిన ముక్కను సవరించుటకు వ్యవధి ఇచ్చును. సయనోఎక్రిలేట్ జిగురు క్షణములలో పట్టివేయును. దాని ఆవిరి కన్నులను, ముక్కును మండించును. గాలి వచ్చు చోటనే, పెద్దల సమక్షమున వాడవలెను.

రెండు ఓడల పోలిక

ఇంగ్లండులో 1765లో నీటికి దింపిన ‘విక్టరీ’ అను యుద్ధనౌక 1805లో ట్రఫాల్గర్ యుద్ధమున నెల్సన్‌ను మోసినది. నేడు పోర్ట్స్‌మత్‌లో ఉన్నది. ట్రఫాల్గర్ నాటికి దానికి 104 ఫిరంగులు. పొడవు సుమారు 69 మీటర్లు. 1:72లో చేసినను నమూనా మీటరుకు దగ్గరగా వచ్చును. కొయ్యల కిరుప్రక్కల నిచ్చెనలవలె నుండు త్రాళ్ళను చూడుడు. ఒక ప్రక్కన 6 నిలువు మోకులకు 30 అడ్డుత్రాళ్ళు కట్టవలెననుకొన్నను 180 ముడులు. మూడు కొయ్యలకు, రెండు ప్రక్కలకు కలిపి 1080 ముడులు! ఓడ త్రాళ్ళలో ఇది ఒక భాగము మాత్రమే.

అమెరికాలో మసాచుసెట్సు రాష్ట్రమందలి ఏమ్స్‌బరీలో 1793లో స్థాపింపబడిన లోవెల్ వారి పడవల కార్ఖానా ‘డోరీ’ అను చిన్న పడవకు పేరొందినది. కాడ్ చేపల వేటకై సముద్రము మీదికి పోవు పెద్ద ఓడలు, గిన్నెలను ఒకదానిలో ఒకటి దొంతి పెట్టినట్లు, డోరీలను డెక్కుపై పేర్చుకొని పోయెడివి. కూర్చుండు బల్లలను తీసివేయ వీలగుటచే ఇది సాధ్యమైనది. డోరీ అడుగు చదును. ప్రక్కలు పైకి పోయిన కొలది విచ్చుకొనును. ప్రక్కకు కొద్దిపాటి వెడల్పు పలకలు మాత్రమే ఉండును. దీనిని మోడల్ షిప్‌వేస్ అను సంస్థ 1:24 స్కేలులో కిట్టుగా చేసినది. పూర్తియైన నమూనా జానెడు పొడవును కొద్దిగా మించును. ఫిరంగులు లేవు, ముడులు లేవు. కాని వెన్ను, పక్కటెముక, పలక, వంపు, అంచు సవరించుట అను మూలపాఠములన్నియు అందులో కలవు.

డోరీ పూర్తియైన తరువాత ఒక కొయ్య, ఒకటి రెండు తెరచాపలు గల పడవకు పోవచ్చును. ఆ పిమ్మట రెండు కొయ్యల ‘బ్లూనోస్’ వంటిది. 1921లో కెనడాలోని లూనెన్‌బర్గ్‌లో నీటికి దింపిన ఈ ఓడ చేపలవేటలోను, పందెములలోను ప్రసిద్ధి గాంచి, 1946లో హైతీ వద్ద మునిగిపోయినది. దాని నమూనా డెక్కుపై ఉంచవలసినవి మరల డోరీలే! మొదట నేర్చిన పాఠము ఇచట మరల పనికివచ్చును.

కొనుటకు ముందు

కిట్టు కొనువారు ఐదు ప్రశ్నలు వేసికొనవలెను. పూర్తియైన నమూనాను ఉంచుటకు చోటు కలదా? సూచనలు తమకు తెలిసిన భాషలో, అంచెలంచెలుగా బొమ్మలతో ఉన్నవా? కొయ్యలెన్ని, ఫిరంగులెన్ని? ముక్క విరిగినచో మరల తెప్పించుకొను వీలున్నదా? విదేశములనుండి తెప్పించినచో రవాణా, సుంకము కలిపి మొత్తము ఎంత? చాల చౌకగా దొరకు కొన్ని కిట్టులు ఇతరుల పటములను అనుమతి లేక నకలు చేసినవి. వానిలో సూచనలు అరకొరగా నుండుటయు కద్దు.

పనిముట్లకు పెద్ద ఖర్చు లేదు. పదునైన చిన్న కత్తి, ఉక్కు కొలబద్ద, చేతితో త్రిప్పు సన్నని బెజ్జపుసాధనము, పట్టకారు, రెండు మూడు రకముల గరుకు కాగితము, బట్టలు ఆరవేయు క్లిప్పులు ఒక డజను చాలును.

విశాఖపట్టణములో 1948లో ‘జల ఉష’ నీటికి దిగినపుడు, అంత పెద్ద ఉక్కు ఓడకును వెన్ను, పక్కటెముకలు, పైపొర అను క్రమమే ఆధారము. జానెడు డోరీని తన చేతులతో పూర్తిచేసిన విద్యార్థికి ఆ క్రమము కంఠస్థము చేయవలసిన పాఠముగా గాక, వ్రేళ్ళకు తెలిసిన విషయముగా నిలుచును. అటకపై నున్న సగము విక్టరీ కంటె బల్లపై నున్న పూర్తి డోరీ పెద్ద ఓడ.