వడ్ల ధర ఢిల్లీ చేతిలో, యార్డు హైదరాబాదు చేతిలో

కామారెడ్డి: బెల్లం వ్యాపారానికి పేరుపడిన కామారెడ్డిలోనూ, పోచారం ఆయకట్టు కింద వరి పండే ఎల్లారెడ్డిలోనూ ప్రతి యాసంగికి వ్యాపారులు వేసే ప్రశ్న ఒకటే: ఈసారి వడ్లు ఎవరు కొంటారు, బియ్యం ఎవరు తీసుకుంటారు? ఈ రెండింటికీ సమాధానం ఒకే ప్రభుత్వం చేతిలో లేకపోవడమే చిక్కు. ధరను సరిగా అంచనా వేసినవారు కూడా, ఏ ఉత్తర్వు ఎక్కడి నుంచి వస్తుందో గమనించకపోతే నష్టపోయే ప్రమాదం ఉంది.

ఎవరి అధికారం ఏది?

రాజ్యాంగం ఏడవ షెడ్యూలు ప్రకారం వ్యవసాయం, మార్కెట్లు, సంతలు రాష్ట్ర జాబితాలోనివి. యార్డుల ఏర్పాటు, లైసెన్సులు, మార్కెట్ ఫీజు 1966 నాటి మార్కెట్ల చట్టం కింద రాష్ట్రం చూసుకుంటుంది. ఆహార ధాన్యాల వ్యాపారంపై కేంద్రానికి మొదట ఐదేళ్లకే అధికారం ఇచ్చారు. 1954లో మూడవ రాజ్యాంగ సవరణ దానిని ఉమ్మడి జాబితా 33వ అంశంలో చేర్చి స్థిరపరచింది. ఉమ్మడి జాబితాలో రెండు చట్టాలు పొసగనప్పుడు సాధారణంగా కేంద్ర చట్టమే చెల్లుతుంది. నిల్వలపై పరిమితులు 1955 నాటి నిత్యావసర సరుకుల చట్టం కింద వస్తాయి. ఎగుమతులు పూర్తిగా కేంద్రానివి.

యార్డు బయట జరిగే కొనుగోళ్లపై రాష్ట్రాలు ఫీజు వసూలు చేయరాదని 2020లో కేంద్రం చట్టం చేసింది ఈ 33వ అంశం ఆధారంగానే. సుప్రీంకోర్టు 2021 జనవరిలో దాని అమలును నిలిపివేసింది. అదే ఏడాది నవంబరులో పార్లమెంటు దానిని రద్దు చేసింది. మార్కెట్లపై రాష్ట్రాల అధికారం ఎంతవరకన్న ప్రశ్న ఆ కేసులో తేలకుండానే మిగిలింది.

ఉప్పుడు బియ్యం పేచీ

కనీస మద్దతు ధర నిర్ణయించేది కేంద్రం. గ్రామాల్లో కొనుగోలు కేంద్రాలు తెరిచి వడ్లు తూచుకునేది రాష్ట్ర సంస్థలు. మిల్లరు క్వింటాలు వడ్లకు 67 కిలోల పచ్చి బియ్యం గాని, 68 కిలోల ఉప్పుడు బియ్యం గాని అప్పగించాలి. కేంద్ర నిల్వలకు దానిని స్వీకరించేది భారత ఆహార సంస్థ. అంటే గొలుసుకు రెండు కొసలూ ఢిల్లీలో, నడిమి భాగం రాష్ట్రంలో ఉన్నవి.

యాసంగి వడ్లు ఎండల ధాటికి పగుళ్లు బారతాయి. పచ్చి బియ్యంగా ఆడిస్తే నూక ఎక్కువ. అందుకే ఇక్కడ ఉప్పుడు బియ్యం పట్టడం ఆనవాయితీ. తమవద్ద నిల్వలు పేరుకున్నందున ఇకపై ఉప్పుడు బియ్యం తీసుకోబోమని 2021లో కేంద్రం పట్టుబట్టింది. 2022 ఏప్రిల్ 11న ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు ఢిల్లీలో ధర్నా చేశారు. మర్నాడే యాసంగి వడ్లు రాష్ట్రమే కొంటుందని ప్రకటించారు. ఆ ఏడాది ఏ గ్రేడు మద్దతు ధర క్వింటాలుకు 1,960 రూపాయలు. ధర మారలేదు, మారింది నూక నష్టం ఎవరు భరించాలన్నదే. 2023 ఆగస్టులో మిల్లుల్లో మిగిలిన వడ్లను రాష్ట్రం టెండర్లకు పెట్టవలసి వచ్చింది.

బోనసు, ఎగుమతులు

మద్దతు ధరపై బోనసు ఇచ్చే రాష్ట్రాల నుంచి కేంద్ర నిల్వలకు సేకరణ తగ్గిస్తామని 2014లో కేంద్రం హెచ్చరించింది. అయినా 2024 వానకాలం నుంచి తెలంగాణ సన్న వడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనసు ప్రకటించింది. ఈ భారం రాష్ట్ర ఖజానాదే. సన్నాలు కొనే ప్రైవేటు వ్యాపారి మాత్రం మద్దతు ధరతో కాక, బోనసు కలిపిన ధరతో పోటీ పడవలసి ఉంటుంది.

ఎగుమతుల సంగతి వేరు. 2023 జూలై 20న బాస్మతేతర తెల్ల బియ్యం ఎగుమతిని కేంద్రం నిషేధించింది. ఆగస్టులో ఉప్పుడు బియ్యంపై 20 శాతం సుంకం విధించింది. తెల్ల బియ్యంపై నిషేధం 2024 సెప్టెంబరులో తొలగింది. ఈ నిర్ణయాల్లో రాష్ట్రం చేయగలిగింది విజ్ఞప్తి మాత్రమే.

కనుక వడ్లలో పెట్టుబడి పెట్టేవారు మూడు విషయాలు విడివిడిగా చూసుకోవడం మేలు. ఫీజు, బోనసు, కొనుగోలు కేంద్రాల కోసం హైదరాబాదు ఉత్తర్వులు. మద్దతు ధర, నిల్వ పరిమితులు, ఎగుమతుల కోసం ఢిల్లీ ఉత్తర్వులు. మిల్లు పట్టిన బియ్యం ఏ రకం, ఎంత, ఎప్పటిలోగా తీసుకుంటారన్న ఆహార సంస్థ షరతులు. మూడవది తేలకముందే గోదాము నింపుకున్నవారికే ముప్పు ఎక్కువ.