పాత ఫైబరు పడవ: కొనుటకు ముందు, కొన్న తరువాత

గోదావరి లంక గ్రామములలో వరద దినములందు పడవయే బాట, పడవయే బండి. ఆసుపత్రికి పోవలసిన గర్భిణి, పాలు పోయవలసిన రైతు, పాఠశాలకు పోవు పిల్లవాడు అందరును ఒకే రేవులో, ఒకే పడవ కొరకు నిలిచియుందురు. 2022 జూలైలో భద్రాచలము వద్ద గోదావరి నీటిమట్టము 71 అడుగులు దాటినప్పుడు కోనసీమ లంకలలో రాకపోకలు దినముల తరబడి పడవల మీదనే సాగినవి. అట్టి సమయమున ఒకరి పడవ కొరకు ఎదురుచూడక, గ్రామమునకే ఒక చిన్న పడవ ఉండిన బాగుండునని తలంచని లంక పంచాయతీ ఉండదు. అయితే కొత్త పడవకు నిధులు చాలవు. సముద్రతీరమున వాడి విడిచిన ఫైబరు పడవ చౌకగా దొరకునని విని సభ్యులు చూచుటకు బయలుదేరుదురు. అట్లు బయలుదేరు వారికి ఉపయోగపడు విషయములను ఇచ్చట వివరించుచున్నాము.

ముందుగా ఒక మాట. పాత పడవను రంగు చూచి కొనరాదు. మంచి యెడ్లను కొనునప్పుడు కొమ్ములకు పూసిన రంగును గాక పండ్లను, గిట్టలను చూతుము గదా! పడవ విషయమునను అంతే. దాని మంచిచెడ్డలన్నియు లోపలనే దాగియుండును.

ఫైబరు పడవ అనగా నేమి?

గాజును సన్నని నారగా తీసి, చాపవలె చేసి, దానికి రెజిను అను ద్రవమును పట్టించి, అచ్చులో పొరలు పొరలుగా గట్టిపరచినచో ఫైబరు పడవ తయారగును. ఇనుప కమ్మియు సిమెంటును కలిసి స్లాబు అయినట్లే, గాజునార బలము నిచ్చును, రెజిను ఆ నారను కదలనీయక పట్టియుంచును. పైన నునుపుగా కనిపించు రంగు పొరను జెల్ కోటు అందురు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1979లో మద్రాసు కేంద్రముగా ప్రారంభించిన బంగాళాఖాత కార్యక్రమము క్రింద, అలలను దాటి ఒడ్డునకు చేరగల ఫైబరు పడవలను మన తీరమున కూడ పరీక్షించి చూచిరి. నేడు మన మత్స్యకారులలో పెక్కుమంది వాడునది ఫైబరు పడవయే.

కర్ర పడవకు, దీనికి రెండు ముఖ్య భేదములు కలవు. ఫైబరును పురుగు తినదు, అది చీకదు. కాని దాని పొరల నడుమ బలమునకై పెట్టిన కర్ర చీకును. ఇది మొదటి భేదము. కర్ర పడవ నీటితో నిండినను సాధారణముగా తేలుచునే యుండును. ఫైబరు నీటికంటె సుమారు ఒకటిన్నర రెట్లు బరువైనది గావున, నిండిన పడవ రాయివలె అడుగునకు పోవును. ఇది రెండవది. ఈ రెండును గుర్తుంచుకొన్నవారు పాత పడవ విషయమున మోసపోరు.

ఎప్పుడు చూడవలెను?

తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు యంత్రపు పడవలకు సముద్రపు వేట నిషేధము. ఆ దినములలో పడవలు ఒడ్డున ఎండలో ఆరియుండును. అడుగుభాగము కంటికి కనిపించును. మరమ్మతు చేయు పనివారును అచ్చటనే దొరకుదురు. అప్పుడు కొన్నచో వరదలు వచ్చులోపల పడవను సిద్ధపరచుకొనవచ్చును. నీటిలో నిలిచియున్న పడవను చూచి ఎన్నడును బేరమాడరాదు.

అయిదు పరీక్షలు

1. చిన్న చెక్క సుత్తితో పడవ అంతటను జానెడు దూరమున కొక దెబ్బ చొప్పున మెల్లగా తట్టవలెను. గట్టి చోట ఖణేలుమని పలుకును. పొరలు విడిపోయినచోట, లోపలి కర్ర చీకినచోట మందమైన శబ్దము వచ్చును. అట్టి చోట్లను సుద్దతో గుర్తింపవలెను.

2. ఇంజను బిగించు వెనుక పలకను ప్రత్యేకముగా చూడవలెను. ఇంజను బరువు, అదురు అంతయు దానిమీదనే పడును. ఇద్దరు మనుష్యులు పట్టి ఊపినప్పుడు పలక వంగినను, బోల్టు రంధ్రముల నుండి గోధుమరంగు నీరు కారినను లోపలి కర్ర పోయినదని గ్రహింపవలెను.

3. అడుగున కాలితో నొక్కి చూడవలెను. డబ్బారేకువలె లోనికి పోయి పైకి లేచు అడుగు బలహీనమైనది. సాలెగూడువంటి సన్నని పగుళ్లు జెల్ కోటుకే పరిమితమైనచో భయము లేదు. అవి నారలోనికి దిగినచో ప్రమాదము.

4. నీటి మట్టమునకు దిగువ పొక్కులున్నవేమో చూడవలెను. ఒక పొక్కును చిదిపినప్పుడు పుల్లని ఘాటు వాసనగల ద్రవము వచ్చినచో నీరు పొరలలోనికి చొచ్చినదని అర్థము. కొలదిగా ఉన్నచో బాగుచేయవచ్చును. అడుగంతయు నిండియున్నచో ఆ పడవను విడిచిపెట్టుట మేలు.

5. పడవకు క్రింద బాగుగా ఆనికలు పెట్టి, లోపల నాలుగంగుళముల నీరు పోసి ఒక రాత్రి ఉంచవలెను. ఉదయము వెలుపల చెమ్మ కనిపించినచోటనే కారుచున్నదని తెలియును. ఈ పరీక్షకు ఒప్పుకొనని యజమాని వద్ద కొనకుండుటయే మంచిది.

మరమ్మతు చేయించు విధము

పగిలిన చోట పైన ముద్దవేసి రంగు పూయుట మరమ్మతు కాదు. చెడిన భాగమును గట్టి భాగము కనిపించువరకు అరగదీయవలెను. రంధ్రపు అంచును పలుచగా ఏటవాలుగా చేయవలెను. పడవ మందము 5 మిల్లీమీటర్లయినచో ఆ ఏటవాలు నలువైపుల కనీసము 60 మిల్లీమీటర్లు, అనగా మందమునకు 12 రెట్లు ఉండవలెను. తరువాత అసిటోనుతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, గాజునార చాపను పొర వెంట పొరగా వేసి, ప్రతి పొరలోను గాలి బుడగలు లేకుండ రోలరుతో నొక్కవలెను. తడిసిన పడవకు వేసిన అతుకు నిలువదు. కావున కొన్న వెంటనే పని మొదలిడక, నీడన కొన్ని వారములు ఆరనీయవలెను.

రెజినును గట్టిపరచు హార్డెనరు నూటికి ఒకటి రెండు పాళ్లు మాత్రమే కలుపుదురు. మన వేసవి ఎండలో అది త్వరగా బిగియును గావున ఉదయపు వేళ కొంచెము కొంచెముగా కలుపుకొని పని చేయవలెను. హార్డెనరు కంటిలో పడినచో చూపు పోవు ప్రమాదము కలదు. వెంటనే ఎక్కువ నీటితో కడిగి వైద్యుని వద్దకు తీసికొనిపోవలెను. హార్డెనరును, యాక్సిలరేటరును నేరుగా ఒకదానితో నొకటి కలుపరాదు, అవి ప్రేలును. అరగదీయు వారు ముక్కునకు మాస్కు, కండ్లకు అద్దములు ధరింపవలెను. పనిచేయు చోట బీడి ముట్టింపరాదు.

వెనుక పలక పోయినచో చీకిన కర్రనంతయు తీసివేసి, ఐ.ఎస్. 710 ముద్రగల మెరైను ప్లైవుడ్డును అమర్చి, దానిపై గాజునారను పరపింపవలెను. ప్రతి బోల్టు రంధ్రపు లోపలి అంచుకు రెజిను పట్టింపవలెను. పాత పలక చెడినది ఆ చిన్న రంధ్రముల ద్వారముననే అని మరువరాదు. బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువై యుండవలెను.

మునిగినను తేలునట్లు చేయుట

పనివారు తరచుగా విడిచిపెట్టునది, ప్రాణములను కాపాడునది ఇదియే. ఒక లెక్క చూతము. 300 కిలోల ఫైబరు పడవ నీటిలో మునిగినప్పుడు సుమారు 100 కిలోల బరువు తూగును. దానికి 50 కిలోల ఇంజను చేర్చవలెను. అంచును పట్టుకొని నీటిలో వ్రేలాడు ఆరుగురికి తలకు 10 కిలోల చొప్పున 60 చేర్చవలెను. వెరసి 210 కిలోలు. లీటరు గాలి సుమారు కిలో బరువును తేల్చును. కావున మూత గట్టిగా బిగించిన 20 లీటర్ల ఖాళీ డబ్బాలు 12 అయినను బల్లల క్రింద ఇరువైపుల సమముగా, కదలకుండ కట్టవలెను. డబ్బాలకు బదులు ఫోము నింపదలచినచో థర్మోకోలును వాడరాదు; రెజినుకు, పెట్రోలుకు అది కరగిపోవును.

తరువాత లోతు తక్కువగల నిలకడ నీటిలో పడవను దించి, మనిషికి 75 కిలోల లెక్కన ఇసుక బస్తాలు వేసి, ఎంత మందికి పడవ నిలుకడగా ఉన్నదో చూడవలెను. అధికారి అనుమతించిన సంఖ్యను పడవ ప్రక్కన తెలుగు అంకెలు తెలియని వారికిని అర్థమగునట్లు పెద్దగా వ్రాయింపవలెను. అంతమందికిని లైఫ్ జాకెట్లు ఉండవలెను.

పత్రములు, పద్దులు

పడవ ఎవరిదో తెలియక డబ్బు చెల్లింపరాదు. పాత రిజిస్ట్రేషను పత్రము, అమ్మకపు పత్రము, దానిపై బాకీ లేదను రుజువు తీసికొనవలెను. సముద్రపు వేటకు రిజిస్టరైన పడవను నదిలో త్రిప్పుటకు వేరుగా అనుమతి వలయును. 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టము ప్రకారము యంత్రముతో నడచు పడవకు సర్వేయు, రిజిస్ట్రేషనును అవసరము. యంత్రము లేని పడవల విషయమున కొన్ని బాధ్యతలను స్థానిక సంస్థలకు అప్పగించుటకు ఆ చట్టము రాష్ట్ర ప్రభుత్వములకు వీలు కల్పించినది. 2017 నవంబరు 12వ తేదీన కృష్ణానదిలో ఇబ్రహీంపట్నము వద్ద బోల్తాపడినది అనుమతి లేని పడవ; 20 మందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. అనుమతి పత్రము వట్టి కాగితము కాదని ఆ దినము మనకు నేర్పినది.

పంచాయతీ తీర్మానము చేయుటకు ముందు ఒక కాగితముమీద బాడీ ధర, రవాణా, వెనుక పలక, రెజిను, కూలి, ఇంజను, జాకెట్లు అన్నియు విడివిడిగా వ్రాసి కూడవలెను. మొత్తము కొత్త పడవ ధరకు దగ్గరపడినచో పాతది కొనుట పొదుపు కాదు. చూచుటకు పోవువారిలో ఒక అనుభవముగల మత్స్యకారుడు, ఒక ఫైబరు పనివాడు తప్పక ఉండవలెను. అమ్మువాని బంధువు ఉండరాదు. సుద్ద గుర్తులు పెట్టిన పడవను ఫోటో తీయించి దస్త్రములో చేర్చినచో, తరువాత ఏ గుర్తు వద్ద ఏ పని జరిగినదో సభ్యులందరును సరిచూచుకొనవచ్చును.

ఏడాదిలో పది నెలలు ఆ పడవ రేవు ప్రక్కన చెట్టు నీడన బోర్లించియుండును. దానిని ఎవరును తలంపరు. కాని ఒక అర్ధరాత్రి గట్టు తెగినదను కేక వినిపించినప్పుడు ఊరంతయు దానివైపే పరుగిడును. ఆ రాత్రి ఎక్కువారిలో మన తల్లులు, మన పిల్లలు ఉందురు. కొనిన దినమున తట్టి చూచితిమా లేదా, డబ్బాలు కట్టించితిమా లేదా అను ప్రశ్నకు జవాబు ఆ రాత్రియే తెలియును. ఆ జవాబును ఈ వేసవిలోనే సిద్ధపరచుకొనుట పంచాయతీ సభ్యుల విధి.