మీకు తెలుసా? ఒంటరిగా గెలవలేని పరుగు
పటం, దిక్సూచి పట్టుకుని అడవిలో గుర్తులు వెతికే రోగెయినింగ్ పోటీలో ఎంత వేగంగా పరుగెత్తేవారైనా ఒంటరిగా గెలవలేరు: ఇద్దరి నుంచి ఐదుగురు ఉండే జట్టు చివరిదాకా విడిపోకూడదు.

• తోటివారి మాట వినిపించేంత దగ్గరలోనే నడవాలి. ప్రతి గుర్తు దగ్గరికీ కలిసే చేరాలి.

• 1976లో ఆస్ట్రేలియాలో పుట్టిన ఈ ఆటకు రాడ్, గెయిల్, నీల్ అనే ముగ్గురి పేర్ల ముందక్షరాలు కలిపి పేరు పెట్టారు. పూర్తిస్థాయి పోటీ 24 గంటలు సాగుతుంది.

• అమెరికా, కెనడాల్లో శీతాకాలంలో స్నోషూలతోనూ ఇలాంటి పోటీలు జరుగుతాయి. ఒంటి బరువును వెడల్పుగా పరిచే ఆ చట్రాల వల్ల పాదం మంచులో లోతుగా దిగబడదు. ముందున్నవారు మంచు తొక్కి దారి చేస్తే వెనకవారికి శ్రమ తగ్గుతుంది. అందుకే వంతులవారీగా ముందు నడవడం జట్టుకు పెద్ద బలం.