మతిమరుపు జబ్బు – డోనెపెజిల్ మాత్ర

అత్త అన్నం తిన్నది. చెయ్యి కడుక్కున్నది. వచ్చి అరుగు మీద కూర్చున్నది. కాసేపటికి పక్కింటామె వచ్చింది.

"పొద్దుటినుంచి నా కోడలు నాకు ముద్ద పెట్టలేదమ్మా" అన్నది అత్త.

లోపలున్న కోడలికి తల కొట్టేసినట్లయింది.

ఇంకోరోజు అత్త కమ్మలు కనపడలేదు. "కోడలే తీసింది" అన్నది. మూడోనాడు అవి బియ్యం డబ్బాలో దొరికాయి. దాచింది అత్తే. కానీ దాచిన సంగతి ఆమెకు గుర్తు లేదు.

"నామీద కోపంతోనే అట్లా చేస్తున్నది" అని కోడలు ఏడ్చింది. "ముసలితనం, చాదస్తం" అన్నాడు కొడుకు. "గాలి సోకింది, తాయెత్తు కట్టించండి" అన్నారు ఊళ్లోవాళ్లు.

ఇట్లాంటి ఇళ్లు చాలా ఉన్నాయి. అది కోపం కాదు, గాలీ కాదు. జబ్బు కావచ్చు. మతిమరుపు జబ్బుల్లో ఎక్కువగా కనపడేది ఆల్జైమర్స్.

ఆల్జైమర్ అనేది ఒక డాక్టరు పేరు. ఆయనది జర్మనీ దేశం. 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలోని ఆసుపత్రికి 51 ఏళ్ల ఆమెను తీసుకొచ్చారు. ఆమెకు రాయడం వచ్చు. కానీ పేరు రాయమంటే మొదలుపెట్టి, మిగతాది మరిచిపోయేది. భర్త మీద అనుమానపడేది. 1906లో ఆమె చనిపోయింది. డాక్టరు ఆమె మెదడును పరీక్షించి చూశాడు. మెదడు కుంచించుకుపోయి ఉంది. లోపల మచ్చల్లాంటివి, చిక్కుపడ్డ దారాల్లాంటివి కనిపించాయి. ఆ సంగతి ఆయన తోటి డాక్టర్లకు చెప్పాడు. తర్వాత ఆ జబ్బుకు ఆయన పేరే పెట్టారు.

తాళంచెవి ఎక్కడో పెట్టి వెతుక్కోవడం అందరికీ ఉంటుంది. అది జబ్బు కాదు. తాళంచెవి చేతిలో పట్టుకుని, ఇది ఎందుకు అని అడిగితే అనుమానించాలి. ఎప్పుడూ నడిచే దారి తప్పినా, అడిగిందే పదిసార్లు అడిగినా, రోజూ వండే కూర ఎట్లా వండాలో తెలియకపోయినా డాక్టరుకు చూపించాలి.

పరీక్ష చేయించకుండా మందు కొనకూడదు. ఎందుకంటే మతిమరుపు వేరే కారణాలతో కూడా వస్తుంది. థైరాయిడ్ తగ్గినా వస్తుంది. బి12 విటమిను తక్కువైనా వస్తుంది. మనసులో పెద్ద దిగులు ఉన్నా వస్తుంది. వీటికి వేరే మందులున్నాయి. చాలామంది వాటితో తేరుకుంటారు. నరాల డాక్టరు గానీ, మానసిక వైద్యుడు గానీ చూసి తేలుస్తాడు.

ఆల్జైమర్స్ అని తేలితే, ఎక్కువగా రాసే మాత్ర డోనెపెజిల్.

ఈ మందును జపాన్ దేశంలో ఐసాయి అనే కంపెనీలో కనిపెట్టారు. ఆ పని ముందుండి నడిపించినాయన హచిరో సుగిమోతో. ఆయన తల్లికీ మతిమరుపు జబ్బు వచ్చింది. కన్నకొడుకునే గుర్తుపట్టలేకపోయింది. 1996లో అమెరికాలో ఈ మందుకు అనుమతి దొరికింది. 1999లో జపాన్‌లో దొరికింది. ఇప్పుడు మన దేశంలో చాలా కంపెనీలు దీన్ని తయారు చేస్తున్నాయి. కంపెనీని బట్టి పేరు, ధర మారుతుంది. అందుకే అట్ట మీద మందు అసలు పేరు చదవాలి. జన ఔషధి దుకాణంలో అడిగి చూస్తే ఖర్చు తగ్గవచ్చు.

ఈ మాత్ర ఏం చేస్తుంది? మెదడులో కోట్ల కణాలుంటాయి. ఒక కణం ఇంకో కణానికి కబురు పంపాలంటే ఒక రసం కావాలి. దాని పేరు ఎసిటైల్ కోలిన్. కబురు అందగానే ఆ రసాన్ని ఇంకో పదార్థం విరగ్గొట్టేస్తుంది. మామూలు మనిషికి అది మంచిదే. జబ్బు మనిషిలో ఆ రసం తయారు చేసే కణాలే చచ్చిపోతుంటాయి. ఉన్నదే కొంచెం, అది కూడా పోతుంది.

చెరువులో నీళ్లు తగ్గితే ఏం చేస్తాం? తూము మూస్తాం. కొత్త నీళ్లు రావు. ఉన్న నీళ్లు కొన్నాళ్లు నిలుస్తాయి. డోనెపెజిల్ చేసే పని అదే. విరగ్గొట్టే పదార్థాన్ని ఆపుతుంది. ఉన్న రసం ఎక్కువసేపు నిలుస్తుంది.

కాబట్టి ఈ మాత్ర జబ్బును నయం చెయ్యదు. లోపల జబ్బు నడుస్తూనే ఉంటుంది. కొందరికి కొన్ని నెలలు, ఏడాది మతి కాస్త నిలకడగా ఉంటుంది. తన చీర తను కట్టుకోగలుగుతుంది. ఇంట్లోవాళ్ల పేర్లు పలుకుతుంది. కొందరికి ఏ మార్పూ కనపడదు. జబ్బు మొదట్లో ఉన్నప్పుడు, నడిమి దశలో ఉన్నప్పుడు దీన్ని ముఖ్యంగా వాడతారు. బాగా ముదిరితే ఇవ్వాలో వద్దో డాక్టరే చెప్పాలి. పూర్తిగా నయం చేస్తాం, డబ్బు కట్టండి అనేవాళ్లను నమ్మకూడదు.

మామూలుగా రోజుకు ఒకసారి, రాత్రి పడుకునే ముందు 5 మిల్లీగ్రాముల మాత్ర వేస్తారు. నాలుగైదు వారాలు చూసి, అవసరమైతే డాక్టరు 10కి పెంచుతాడు. అట్ట మీద 5 ఉందా, 10 ఉందా చూసి తీసుకోవాలి. ఒక రాత్రి మరిచిపోతే మర్నాడు రెండు వెయ్యకూడదు. వారం పైన ఆపేస్తే, మళ్లీ మొదలుపెట్టే ముందు డాక్టరును అడగాలి.

కొత్తలో వికారం, వాంతి, విరేచనాలు రావచ్చు. ఆకలి తగ్గవచ్చు. కాళ్ల పిక్కలు పట్టేయవచ్చు. చెడ్డ కలలు వస్తుంటే డాక్టరుకు చెప్పాలి. మాత్రను పొద్దున వెయ్యమంటాడు. నాడి నెమ్మదించి, కళ్లు తిరిగి పడిపోతే మాత్రం ఆగకూడదు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. గుండెజబ్బు, ఉబ్బసం, కడుపులో పుండు, మూర్ఛ ఉంటే ముందే చెప్పాలి. జలుబుకు వేసుకునే మాత్రలు కొన్ని ఈ మందుకు ఎదురు పనిచేస్తాయి. దుకాణంలో అడిగి తెచ్చుకోవడం మంచిది కాదు.

ఇంకోమాట. మాత్రల అట్ట ముసలామె చేతికి అందేచోట పెట్టకూడదు. వేసుకున్నది మరిచి మళ్లీ వేసుకుంటుంది. ఎవరో ఒకరే చూసుకోవాలి. కోడలే చూడాలని ఎక్కడా లేదు. కొడుకు కూడా వెయ్యవచ్చు.

ఆ ఇంట్లో ఇప్పుడు గోడకు క్యాలెండరు కట్టారు. మాత్ర వేసిన రాత్రి కోడలు తేదీ మీద గీత గీస్తుంది. అత్త "నాకు అన్నం పెట్టలేదు" అంటే, "పెట్టాను కదా" అని కోడలు వాదించదు. "రా అత్తా, కాసిని మజ్జిగ తాగుదువు గాని" అంటుంది. అత్త తాగుతుంది. ఆ పూటకు గొడవ ఉండదు.